4, 8, 16: గిటార్ ఆంప్లిఫయర్ వెనక రాసున్న అంకెల కథ

గిటార్ ఆంప్లిఫయర్‌ని వెనక్కి తిప్పి చూస్తే, స్పీకర్ వైరు గుచ్చే రంధ్రాల పక్కన 4, 8, 16 అని అంకెలు ఉంటాయి. స్పీకర్ పెట్టె వెనక కూడా వీటిలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఈ రెండూ కుదరాలని కొన్నచోట చెబుతారు. ఎందుకు కుదరాలి, కుదరకపోతే ఏమవుతుంది అని అడిగితే మాత్రం తలా ఒక మాట. "ఏం కాదు, ఏదైనా తగిలించు" అనేవాళ్ళున్నారు. "తగిలిస్తే కాలిపోతుంది" అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా కొన్ని ఆంప్లిఫయర్ల విషయంలో నిజమే. ఆ అంకెలకు ఎప్పుడూ ఒకటే అర్థం లేదు. యంత్రం మారినకొద్దీ అర్థం మారుతూ వచ్చింది. అది ఎట్లా మారిందో రాద్దామని ఈ వ్యాసం.

వలసలూ ఇంటిపేర్లూ పెళ్ళి తంతులూ రాసుకునే చోట దీనికేం పని అంటారేమో. మా ముళబాగిలు ఇంట్లో తాత మైకు సెట్టు బాడిగకు ఇచ్చేవాడు. హరికథకు, శ్రీరామనవమికి, పెళ్ళిళ్ళకు. తాత తరువాత చిన్నాయన నడిపాడు. ఆ సెట్టు వెనక కూడా ఇవే 4, 8, 16. ఇప్పుడు బెంగళూరులో మా అక్క కొడుకు గిటార్ వాయిస్తాడు. ఈమధ్యే ఒక పాత వాల్వ్ ఆంప్లిఫయర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అమ్మినాయన "ఏ స్పీకరైనా పెట్టుకోవచ్చు" అన్నాడట. ఆ మాట నమ్మితే ఏం జరిగే అవకాశం ఉందో వాడికి చెప్పడానికి మొదలుపెట్టి, చదువుతూ పోతే ఇంత దూరం వచ్చింది.

ముందు మాట గురించి. ఇంపీడెన్స్ అనే పదాన్ని పుట్టించింది ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషాయన, 1886లో. లండన్‌లో పేద ఇంట్లో పుట్టి, చిన్నప్పుడే బడి మానేసి, టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసి, మిగతా చదువంతా సొంతంగా చదువుకున్న మనిషి. నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి కరెంటును అడ్డగించే గుణం నాకు "రోధ" గానే తెలుసు. తెలుగు పుస్తకాల్లో దాన్ని నిరోధం అంటారనీ, ఇంపీడెన్స్‌ను అవరోధం అంటారనీ చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ రెంటికీ తేడా ఉంది. బ్యాటరీ కరెంటుకు తీగ చూపే అడ్డు ఎప్పుడూ ఒకటే, అది నిరోధం. కానీ పాట లాంటి, క్షణక్షణం అటూ ఇటూ ఊగే కరెంటుకు తీగచుట్ట చూపే అడ్డు ఆ ఊగే వేగాన్నిబట్టి మారుతుంది. ఆ మొత్తం అడ్డు ఇంపీడెన్స్. రెంటినీ ఓమ్స్‌లోనే కొలుస్తారు.

స్పీకర్ అంటే అయస్కాంతం మధ్యలో వేలాడే తీగచుట్టే కదా. అందుకే "8 ఓమ్స్" అని రాసున్న స్పీకర్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే 6 దగ్గర చూపిస్తుంది. 16 అని రాసుంటే 12, 13. స్పీకర్ తనంతట తాను ఊగడానికి ఇష్టపడే వేగం ఒకటుంటుంది. గిటార్ స్పీకర్లలో చాలావాటికి అది సెకనుకు 75 సార్లు, లేదా ఆ దరిదాపు. అక్కడ అదే 8 ఓమ్స్ స్పీకర్ ఎన్నో రెట్లు ఎక్కువ అడ్డు చూపిస్తుంది. అంటే 8 అనేది కొలత కాదు, పేరు లాంటిది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. స్పెక్‌లో రాసిన అంకె ఒకటి, కొలిస్తే వచ్చేది ఇంకొకటి. రెండూ ఎంత దూరంలో ఉంటే ఫరవాలేదో తెలుసుకోవడమే మా పని.

ఇక వాల్వ్ సంగతి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు వాల్వ్ రేడియోలు గుర్తుంటాయి. ఆన్ చేశాక వేడెక్కి పలకడానికి అర నిమిషం పట్టేవి. ఆ గాజు బుడ్లకు కావలసింది ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు. గిటార్ ఆంప్లిఫయర్‌లో ఔట్‌పుట్ వాల్వ్‌ల మీద 400 వోల్టుల వరకూ, ఒక్కోసారి అంతకుమించీ ఉంటుంది. పారే కరెంటు మాత్రం ఆంపియర్‌లో ఏ పదో వంతో, అటూ ఇటూ. స్పీకర్‌ది దీనికి పూర్తిగా తలకిందులు. దానికి కొద్దిపాటి వోల్టులు చాలు, కరెంటు మాత్రం ఆంపియర్లలో కావాలి. ఈ ఇద్దరికీ నేరుగా మాట కలవదు, మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. ఆ దుబాసీ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఇనుప రేకుల మీద ఒకవైపు ఎక్కువ చుట్లు, ఇంకోవైపు తక్కువ చుట్లు.

కోలారు వైపువాళ్ళకు ఈ సూత్రం కొత్తదేం కాదు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద కోలారు బంగారు గనులకు కరెంటు వచ్చిందంటే, ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటుగా మార్చి పంపి, ఇక్కడ మళ్ళీ దించుకోగలిగారు కాబట్టే. ఆంప్లిఫయర్‌లో ఉన్నది ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కే చిట్టి తమ్ముడు.

ఇక్కడ ఒక లెక్క తెలియాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. చుట్ల నిష్పత్తి ఎంతో, ఓమ్స్ దాని వర్గం మేరకు మారతాయి. వాల్వ్‌లకు 4000 ఓమ్స్ ఎదురుగా ఉంటే బాగా పనిచేస్తాయి అనుకుందాం. మన దగ్గరున్నది 16 ఓమ్స్ స్పీకర్. 4000ని 16తో భాగిస్తే 250, దాని వర్గమూలం 16కు కాస్త తక్కువ. అంటే ఒకవైపు ఒక చుట్టు ఉంటే ఇంకోవైపు దాదాపు 16 చుట్లుండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంతంగా ఓమ్స్ లేవు. అటు తగిలించిన స్పీకర్‌నే ఇటు పెద్దది చేసి చూపిస్తుంది. 16 అని రాసున్న చోట 8 ఓమ్స్ స్పీకర్ పెట్టామా, వాల్వ్‌లకు 4000 బదులు 2000 కనిపిస్తుంది. కరెంటు ఎక్కువ పారి వాల్వ్ వేడెక్కుతుంది, త్వరగా అరిగిపోతుంది. అసలు ఏ స్పీకరూ పెట్టకుండా గట్టిగా వాయిస్తే ఇంకా ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్ళిన శక్తికి బయటికి దారి ఉండదు. వాల్వ్ వైపు వోల్టేజీ వేలల్లోకి ఎగసి, చుట్ల మధ్య పూత కాలడమో, వాల్వ్ కూర్చునే సాకెట్‌లో నిప్పురవ్వ దూకడమో జరుగుతుంది.

చిన్నాయన ఈ లెక్కలేవీ చెప్పలేదు. ఆయన చెప్పేది ఒకటే: "స్పీకర్ తగిలించకుండా సెట్టు ఎయ్యొద్దురా, ట్రాన్స్‌ఫార్మర్ పోతాది." తాత ఆయనకు చెప్పిందీ అదే.

మ్యాచింగ్ అనే మాట మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. మనకు మ్యాచింగ్ అంటే చీర తీసుకుని మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళి అదే రంగు జాకెట్టు గుడ్డ వెతకడం. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకు ఇంకో అర్థం కూడా గుర్తొస్తుంది. కరెంటు ఇచ్చేవాడి లోపలి నిరోధం, తీసుకునేవాడి నిరోధం సమానమైతే ఎక్కువ శక్తి చేరుతుందని 19వ శతాబ్దంలో యాకోబి చెప్పిన సూత్రం. గిటార్ ఆంప్లిఫయర్‌లో ఈ రెండర్థాలూ పనికిరావు. ఔట్‌పుట్ వాల్వ్‌ల లోపలి నిరోధం సాధారణంగా పది వేల ఓమ్స్ పైనే ఉంటుంది. అయినా దాని ఎదురుగా మూడు నాలుగు వేల ఓమ్స్ మాత్రమే పెడతారు. వాల్వ్ ఎక్కువ వేడెక్కకుండా, స్వరం ఎక్కువ చెడకుండా, కావలసినన్ని వాట్లు ఇచ్చే చోటు అది. ఇక్కడ కుదర్చడం అంటే ఇద్దర్నీ సమానం చెయ్యడం కాదు, ఒకరి బరువు ఇంకొకరు మోయగలిగేట్టు చూడడం.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. కాగితపు శంఖం, అయస్కాంతంలో తీగచుట్ట ఉన్న నేటి తరహా స్పీకర్‌ని 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఒక రూపానికి తెచ్చారు. దాని తరువాత రేడియోల్లో, సినిమా హాళ్ళలో స్పీకర్, ఆంప్లిఫయర్ రెంటినీ కలిపి కుదర్చడం కంపెనీ ఇంజినీర్ల పని. వాడేవాడికి ఓమ్స్ గొడవ లేదు.

గిటార్లకు ఆంప్లిఫయర్లు చేసిన లియో ఫెండర్ కథ మా ఇంటికి చాలా దగ్గరగా అనిపిస్తుంది. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియో రిపేరు అంగడి పెట్టుకున్నాడు. అంతకు ముందే డాన్సు హాళ్ళ కోసం మైకు సెట్లు కట్టి ఇచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. 1946 నుంచి ఆయన పేరుతోనే కంపెనీ. అక్కడ తయారైన ఆంప్లిఫయర్లలో ఎక్కువ భాగం ఒకే పెట్టె, పైన ఆంప్లిఫయర్, కింద స్పీకర్. బాస్ గిటార్ కోసం 1952లో బాస్‌మన్ అని ఒకటి తెచ్చాడు. అది మారుతూ మారుతూ 1950ల చివరికి 10 అంగుళాల జెన్సన్ స్పీకర్లు 4 ఉన్న పెట్టె అయింది.

ఒక్కో స్పీకర్ 8 ఓమ్స్. నాలుగింటినీ పారలల్‌లో కలిపాడు. ఇంట్లో బల్బులు, ఫ్యాన్లు కలిపినట్టు, ఎవరి దారి వాళ్ళది. నాలుగు దారులు తెరిస్తే అడ్డు నాలుగో వంతుకు తగ్గుతుంది, అంటే 2 ఓమ్స్. ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా సరిగ్గా 2 ఓమ్స్‌కే చుట్టించాడు. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. ఒక స్పీకర్ కాలిపోయినా మిగతా మూడూ పలుకుతాయి, రాత్రి కచేరీ ఆగదు. వెనక అంకెలు తిప్పుకునే స్విచ్చి లేదు, అవసరమూ లేదు. కుదర్చాల్సింది ఫ్యాక్టరీలోనే కుదిర్చి పంపారు.

ఫెండర్ పెట్టిన అదనపు స్పీకర్ రంధ్రం మాత్రం ఒకటుంది. అందులో ఇంకో పెట్టె గుచ్చితే అదీ పారలల్‌లోనే చేరుతుంది. 1963లో వచ్చిన ట్విన్ రివర్బ్‌లో 8 ఓమ్స్ స్పీకర్లు రెండు, కలిపి 4. దానికి ఇంకో 4 ఓమ్స్ పెట్టె తగిలిస్తే మొత్తం 2 అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 4కే చుట్టి ఉన్నా, ఒక మెట్టు తేడాను తట్టుకునేలా కట్టారు. ఇంకో ముందుచూపు కూడా ఉంది. మెయిన్ స్పీకర్ రంధ్రంలో ఏమీ గుచ్చకపోతే అది లోపలే షార్ట్ అవుతుంది. వాల్వ్ ఆంప్లిఫయర్‌కు కాసేపు షార్ట్ అవడం కంటే ఖాళీగా ఉండడమే ఎక్కువ కీడు అని తెలిసి చేసిన పని అది. తాత చెప్పిన హెచ్చరికను లియో ఫెండర్ ఒక రేకు ముక్కతో యంత్రంలోనే పెట్టేశాడు.

ఆ రంధ్రం గురించి ఒక మాట. పావు అంగుళం మందం ఉండే ఆ ప్లగ్గు 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో అమ్మాయిలు లైన్లు కలపడానికి వాడినది. గిటార్ నుంచి ఆంప్‌కు వెళ్ళే వైరుకూ అదే ప్లగ్గు, ఆంప్ నుంచి స్పీకర్‌కు వెళ్ళే వైరుకూ అదే. చూడ్డానికి కవలలు. మొదటిదాంట్లో పారేది మిల్లీవోల్టుల గుసగుస. రెండోదాంట్లో, 100 వాట్లకు 8 ఓమ్స్ మీద మూడున్నర ఆంపియర్లు. గిటార్ వైరు లోపలి తీగ వెంట్రుకంత. దాన్ని స్పీకర్‌కు వాడితే వేడెక్కుతుంది, తెగితే స్పీకర్ లేనట్టే. ఎన్నో వాల్వ్ ఆంప్‌ల చావు ఈ కవలల వల్లనే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇక లండన్. పడమటి లండన్‌లో హాన్‌వెల్ అనే పేటలో 1960ల మొదట్లో జిమ్ మార్షల్ సంగీత వాయిద్యాల అంగడి పెట్టాడు. ఆయన డ్రమ్ములు వాయించేవాడు, పాడేవాడు, డ్రమ్ములు నేర్పేవాడు. చిన్నప్పుడు ఎముకల క్షయతో ఏళ్ళ తరబడి మంచం పట్టిన మనిషి. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, సైకిలు వెనక బండి కట్టుకుని, అందులో డ్రమ్ములూ, తనే చేసుకున్న మైకు సెట్టు పెట్టెలూ వేసుకుని కచేరీలకు వెళ్ళేవాణ్ణని చెప్పేవాడు. ఫెండర్ ఒకవైపు, మార్షల్ ఒకవైపు, ఇద్దరూ మైకు సెట్లతో మొదలైనవాళ్ళే. ఈ సంగతి చిన్నాయనకు చెబితే, "మరి మనమెందుకు ఆడికి పోలేదో" అని నవ్వాడు.

అంగడికి వచ్చే కుర్రాళ్ళకు ఫెండర్ ఆంప్ కావాలి. అమెరికా సరుకు, ఖరీదు ఎక్కువ. 1962లో మార్షల్ దగ్గర రిపేర్లు చేసే కెన్ బ్రాన్, కుర్రాడైన డడ్లీ క్రేవన్ కలిసి బాస్‌మన్ సర్క్యూట్‌ను చూసి ఇంగ్లండులో దొరికే సామాన్లతో ఒకటి కట్టారు. పేరు జేటీఎం 45. జే అంటే జిమ్, టీ అంటే ఆయన కొడుకు టెర్రీ. సర్క్యూట్ నకలే కానీ, ఊరి సామాను వేరు. అక్కడి వాల్వ్‌లు వేరు, ట్రాన్స్‌ఫార్మర్ వేరు. అన్నిటికంటే ముఖ్యం, స్పీకర్ వేరు. ఇంగ్లండులో దొరికింది సెలెస్టియన్ కంపెనీ 12 అంగుళాల స్పీకర్, అది 15 లేదా 16 ఓమ్స్. ఒక్కోటి 15, 20 వాట్లకు మించి తట్టుకోదు. రెండు పెట్టి చూస్తే నిలవలేదు. నాలుగు పెట్టారు.

నాలుగు 16 ఓమ్స్ స్పీకర్లను ఎట్లా కలపాలి? అన్నీ పారలల్ అయితే 4. అన్నీ సిరీస్‌లో, అంటే పండగకు గుమ్మానికి కట్టే సీరియల్ సెట్టు లైట్లలా ఒకదాని వెనక ఒకటి కలిపితే 64. మార్షల్ పెట్టెలో రెండేసి స్పీకర్లను సిరీస్‌లో కలిపి 32 చేశారు. అలాంటి రెండు జతల్ని పారలల్‌లో కలిపితే మళ్ళీ 16. నాలుగు స్పీకర్లున్నా బయటికి ఒక స్పీకర్‌లాగే కనిపిస్తుంది. నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం. దీనికీ ఒక ఖర్చుంది. సీరియల్ సెట్టులో ఒక బల్బు పోతే వరుస ఆరిపోయినట్టు, ఇందులో ఒక స్పీకర్ తెగితే దాని జంటా మూగబోతుంది, పెట్టె 32 ఓమ్స్ అవుతుంది. ఫెండర్ పెట్టెలో ఒకటి పోతే 2 ఓమ్స్ కాస్తా 2.67 దగ్గర ఆగుతుంది.

2 ఓమ్స్ అమెరికా ఆంప్ 16 ఓమ్స్ ఇంగ్లీషు ఆంప్ కావడంలో స్వరమూ మారింది. ఈ ఆంప్‌లలో స్పీకర్ వైపు నుంచి కొంత సిగ్నల్ వెనక్కి తెచ్చి కలుపుతారు, ఫీడ్‌బ్యాక్ అంటారు. అంతే శక్తికి 16 ఓమ్స్ దగ్గర వోల్టేజీ 2 ఓమ్స్ కంటే దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. కాబట్టి వెనక్కి వచ్చేదీ మారింది. దాంతోబాటు ఫెండర్ పెట్టె వెనక తెరిచి ఉంటే, మార్షల్ పెట్టె వెనక మూసి ఉంటుంది. మార్షల్ స్వరం అని తరువాత పేరుపడిన దానిలో, దొరికిన స్పీకర్‌కు సర్దుకోవడం ఎంతో కొంత ఉంది.

అసలు పెద్ద మార్పు ఇంకొకటి. నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్న పెట్టె మీద ఆంప్‌ని కూడా కలిపి బిగిస్తే మొయ్యలేరు. అందుకని ఆంప్ ఒక పెట్టె, స్పీకర్లు ఒక పెట్టె అయ్యాయి. మధ్యలో ఒక వైరు. ఎప్పుడైతే రెండు పెట్టెలయ్యాయో, కుదర్చే బాధ్యత ఫ్యాక్టరీ నుంచి స్టేజీ మీదికి, వాయించే కుర్రాడి చేతికీ, సామాను మోసే మనిషి చేతికీ వచ్చింది. ఏ ఆంప్‌కు ఏ పెట్టె తగిలిస్తాడో తయారుచేసినవాడికి తెలియదు. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్యలో రెండు మూడు చోట్ల తీగ బయటికి లాగి, వెనక పలక మీద తిప్పుకునే మీట పెట్టి, ఓమ్స్ అంకెలు రాశారు. ఇది వెసులుబాటు అని అనుకుంటాం. నాకు మాత్రం పని చేతులు మారిందని రాసిచ్చిన రసీదులా కనిపిస్తుంది.

1965లో ద హూ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఇంకా గట్టి ఆంప్ కావాలన్నాడు. ఔట్‌పుట్ వాల్వ్‌లను రెండు నుంచి నాలుగు చేసి 100 వాట్లు తెచ్చారు. స్పీకర్లు కూడా 8 కావాలి, అన్నీ ఒకే పెట్టెలో. అంత బరువు ఎవరు మోస్తారని మార్షల్ అన్నాడట, వాళ్ళున్నారులే అన్నాడట టౌన్‌షెండ్. కొన్నాళ్ళకు ఆ మోసేవాళ్ళే మొరపెట్టుకున్నారు. దాంతో పెట్టెను రెండు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. మార్షల్ తన జీవితంలో ఎన్నోసార్లు చెప్పిన కథ ఇది. పై పెట్టెకు ముందువైపు ఏటవాలుగా కోసిన వంపు కూడా శబ్దం కోసం కాదని, పైన కూర్చున్న ఆంప్‌తో కలిసి చూడ్డానికి బాగుంటుందని చేశామని ఆయనే చెప్పాడు.

లెక్క చూడండి. 20 వాట్ల స్పీకర్లు నాలుగైతే 80 వాట్లు, 100 వాట్ల ఆంప్‌కు చాలవు. ఎనిమిదైతే 160, చాలు. రెండు 16 ఓమ్స్ పెట్టెలు పారలల్‌లో 8 ఓమ్స్. అంటే రెండో పెట్టె తగిలించిన క్షణాన వెనక మీటను 16 నుంచి 8కి తిప్పాలి. తిప్పకపోతే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. 1966లో లండన్ వచ్చిన జిమి హెండ్రిక్స్ మూడేళ్ళకు వుడ్‌స్టాక్‌లో ఈ పెట్టెల గోడ ముందే వాయించాడు. ఆయన పూర్తి పేరు జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్, అంగడాయన పేరు జేమ్స్ చార్లెస్ మార్షల్. చుట్టరికం లేదు, కాకతాళీయం. ఇప్పటి మార్షల్ ఆంప్‌ల వెనక 16 పెట్టె ఒకటి, లేదా 8 ఒకటి గానీ 16వి రెండు గానీ అని రంధ్రం రంధ్రానికీ లెక్క చేసే రాసి ఉంటుంది. ఇన్నేళ్ళ కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు నేర్పిన రాత అది అనుకుంటాను.

తరువాత ట్రాన్సిస్టర్ వచ్చింది. చిన్నాయన కూడా 1980లలో వాల్వ్ సెట్టు పక్కనపెట్టి ట్రాన్సిస్టర్ సెట్టుకు మారాడు. ఎక్కువ కరెంటు, తక్కువ వోల్టేజీ దానికి సహజం. గిటార్ ఆంప్‌లలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అనే దుబాసీ అక్కర్లేకపోయింది. దాంతో నియమం తిరగబడింది. ట్రాన్సిస్టర్ ఆంప్ ఒక వోల్టేజీ ఇచ్చి నిలబడుతుంది. 20 వోల్టులు ఇస్తే 8 ఓమ్స్ మీద 50 వాట్లు. 16 పెడితే 25 వాట్లే వస్తాయి, ప్రమాదం ఏమీ లేదు. 4 పెడితే 100. 2 పెడితే 200 అడుగుతుంది, ఇవ్వలేక ట్రాన్సిస్టర్లు కాలతాయి. స్పీకర్ లేకుండా వేసినా మామూలుగా ఏమీ కాదు, షార్ట్ చేస్తేనే చావు. వాల్వ్ ఆంప్ వెనక "8" అంటే 8 పెట్టు అని. ట్రాన్సిస్టర్ ఆంప్ వెనక "4" అంటే 4కు తగ్గనివ్వకు అని. "ఏదైనా పెట్టుకోవచ్చు" అన్న అమ్మకందారు ఈ రెండో లోకంలో పెరిగినవాడై ఉంటాడు. మా వాడు కొన్నది మొదటి లోకపు యంత్రం.

మన మైకు సెట్ల దగ్గరికి వస్తే మూడో అర్థం ఒకటుంది. 1940 నుంచి ఉన్న అహూజా లాంటి కంపెనీల సెట్టు వెనక 4, 8, 16 తరువాత 70 వోల్ట్, 100 వోల్ట్ అని ఇంకో రెండు స్క్రూలు ఉంటాయి. గుడి దగ్గర సెట్టు, చెరువు గట్టు మీద బాకా. మధ్యలో ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 115 మీటర్లు లాగితే రానూ పోనూ కలిపి దాదాపు 4 ఓమ్స్ వైరే తింటుంది. 8 ఓమ్స్ బాకాకు నేరుగా ఇస్తే, పంపినదాంట్లో మూడో వంతు దారిలోనే వేడైపోతుంది. 100 వోల్ట్ లైన్లో 100 వాట్లకు ఒక ఆంపియర్ చాలు. లైనుకు అవతలున్న మొత్తం బరువు 100 ఓమ్స్, దాని పక్కన వైరు తినే 4 ఓమ్స్ ఎంత, నూటికి నాలుగు. శివనసముద్రం లెక్కే మళ్ళీ. బాకా బాకాకూ చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, దాని మీద ఇన్ని వాట్లు అని ఎంచుకుంటారు. 100 వాట్ల సెట్టుకు 20 వాట్ల బాకాలు 5. ఓమ్స్ చూడక్కర్లేదు, వాట్లు కూడుకుంటే చాలు. తాత చదివింది నాలుగో క్లాసు. రథోత్సవానికి ఊరంతా బాకాలు కట్టడానికి ఆయనకు కూడిక ఒక్కటే కావలసి వచ్చిందంటే, ఆ పద్ధతిని అలా ఏర్పాటుచేసినవాళ్ళ గొప్పతనం. కుదర్చే బాధ్యతను వాళ్ళు వాడేవాడి నెత్తిన వెయ్యకుండా ప్రతి బాకా మెడలో కట్టేశారు.

మా అక్క కొడుక్కి రాసిచ్చింది ఇక్కడా పెడుతున్నాను, మన ఇళ్ళల్లో ఇంకెవరికైనా పనికొస్తుంది. వాల్వ్ ఆంప్ అయితే ముందు స్పీకర్ వైరు, తరువాతే కరెంటు. పెట్టె మీద అంకె చెరిగిపోయి ఉంటే మల్టీమీటర్‌తో కొలువు. 3 చుట్టుపక్కల వస్తే 4, 6 వస్తే 8, 12 దాటితే 16. ఒకే అంకె ఉన్న రెండు పెట్టెలు పారలల్‌లో సగమవుతాయి, మీట అక్కడికి తిప్పు. 8, 16 కలిపితే 5.33, అప్పుడు 4 దగ్గర పెట్టమని సాధారణంగా చెబుతారు. అందులో 8 పెట్టెకే మూడింట రెండు వంతుల శక్తి పోతుంది, అది తట్టుకుంటుందా చూసుకో. వాయిస్తూ పెట్టెలు మార్చకు. స్పీకర్‌కు గిటార్ వైరు వాడకు. బాకా మెడలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్ని గిటార్ ఆంప్‌కు తగిలించకు, అది 100 వోల్టుల కోసం చుట్టింది.

తాత వాల్వ్ సెట్టు 2000ల్లో గుజరీవాడికి పోయింది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం చిన్నాయన విప్పి ఉంచుకున్నాడు. దాని అట్ట మీద తాత ఇంకు పెన్నుతో ఏ తీగ దేనికో తెలుగులో రాసుకున్నాడు, పచ్చ తీగ పక్కన పదహారు అని. మీ ఇళ్ళల్లో, హోసూరులోనో బరంపురంలోనో షోలాపూరులోనో, ఇలాంటి సెట్లు అటకల మీద ఉంటే పారేసేముందు వెనక పలక ఫోటో ఒకటి తీసి పంపండి. ఎవరి చేతిరాతైనా ఉంటే అది కనిపించేట్టు తియ్యండి.